ఇప్పనూనె తాగిన మోటారు

పడవ ఒడ్డుకు తగలగానే ఉప్పలయ్య పెద్దగా ఊపిరి వదిలేవాడు. అది మామూలు ఊపిరి కాదు. కడుపులో ఎక్కడో అడుగున దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటకొచ్చేది. అంతవరకూ శబరి నీళ్లు చూసుకుంటూ, ఇంటి సంగతులు చెప్పుకుంటూ హాయిగా వచ్చిన జనం ఆ చప్పుడుకు ఉలిక్కిపడేవారు. "ఏంది, ఇంతసేపు ఏదన్న గండం మీద కూసోని వచ్చినమా?" అని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. నిజం చెప్పాలంటే గండం మీద కూర్చునే వచ్చారు. ఆ సంగతి పడవ మొత్తంలో ఉప్పలయ్య ఒక్కడికే తెలుసు. అందుకే ఊపిరి కూడా అందరి తరఫునా అతనే వదిలేవాడు.

బస్తరు సంస్థానానికి దక్షిణపు కొసన ఉన్న కుంట రేవులో వాళ్లది తాతలనాటి పడవ కుటుంబం. ఉప్పలయ్యకు నడక కంటే గడ వేయడమే ముందు వచ్చిందని ఊళ్లో చెప్పుకునేవారు. అదెంత నిజమో గానీ, ఏటి నడుమ కళ్లు మూసుకుని గడ దించినా, కింద ఇసుక ఉందో రాయి ఉందో అతని చెయ్యే చెప్పేది. అలాంటివాడి పడవకు రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో ఒక మోటారు వచ్చి పడింది. తెచ్చింది వెంకటనారాయణ అనే కలప వ్యాపారి. ఆయనది రాజమండ్రి వైపు. కుంటకు ఎగువన సంస్థానం అడవిలో టేకు కూపు, అంటే చెట్లు కొట్టుకునే అడవి ముక్క, వేలంలో పాడుకున్నాడు. చెట్లు కొట్టే కూలీలకు బియ్యం, ఉప్పు చేర్చాలంటే ఏటికి ఎదురు గడ వేసుకుంటూ పొద్దంతా పోవాలి. వెంకటనారాయణకు అంత ఓపిక లేదు. అన్నం ఉడికేదాకా ఆగే ఓపిక కూడా ఆయనకు లేదని వంటవాడే చెప్పేవాడు.

ఆ మోటారు పడవ లోపల కూర్చునేది కాదు. వెనక చెక్కకు రెండు మరలతో బిగించి వేలాడదీసేవారు. పైన ఇంజను, కింద నీళ్లలోకి దిగిన పొడవాటి గొట్టం, గొట్టం చివర రెక్కల చక్రం. ఇంజను నెత్తికి తాడు చుట్టి ఒక్క లాగు లాగితే అరుపు లంకించుకునేది. జనం దానికి తోకమోటారని పేరు పెట్టారు. మొదటిసారి నడిపిన రోజు రేవంతా తిరునాళ్లలా నిండిపోయింది. ఆ చప్పుడుకు ఊళ్లో కోళ్లు అడవి పట్టాయి.

దాన్ని నడపడం నేర్చుకోవడానికి ఉప్పలయ్యను రాజమండ్రి పంపారు. అక్కడ లాంచీల మెకానిక్కు అప్పయ్య దగ్గర ఒక వానాకాలమంతా ఉన్నాడు. అప్పయ్య ఎడమచేతి వేళ్లు రెండు కాలి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండేవి. ఎలా కాలాయో అతను నోటితో చెప్పలేదు. కొబ్బరి చిప్పలో నాలుగు చుక్కల పెట్రోలు పోసి నేల మీద పెట్టాడు. పొడవాటి పుల్ల కొసకు నిప్పంటించి, దూరం నుంచే మెల్లగా చిప్ప వైపు జరిపాడు. పుల్ల ఇంకా జానెడు దూరంలో ఉండగానే మంట భగ్గున లేచి, తనే ఎదురొచ్చి పుల్లను అందుకుంది. ఉప్పలయ్య వెనక్కి పడ్డాడు.

"చూశావా? మండేది పెట్రోలు కాదురా అబ్బాయ్, దాని ఆవిరి," అన్నాడు అప్పయ్య. "ఆ ఆవిరి పైకి పోదు. నీళ్లలాగే కిందికి దిగి పడవ అడుగున పడుకుంటది. నీ కంటికి కనపడదు. నిప్పుకి మాత్రం కనపడుద్ది."

ఇంకా చాలా నేర్పాడు. దడదడకు మరలు వదులవుతాయి కాబట్టి రోజూ బిగించమన్నాడు. బిగించినా నమ్మకుండా మోటారును పడవకు తాడుతో కట్టమన్నాడు. నీళ్లు పలచబడితే తోక పైకెత్తాలి. పెట్రోలు పోసేది ఒడ్డు మీదే, అదీ మోటారు చల్లారాక. ఏది విప్పినా ఒడ్డు మీదే విప్పాలి. ఉప్పలయ్య అన్నీ తలకెక్కించుకున్నాడు గానీ, ఆ కొబ్బరి చిప్ప ముందు అవన్నీ చిన్న సంగతులే అనిపించాయి.

పడవ ముందు కొసన గడ పట్టుకుని నిలబడేవాడు హడ్మా. దోర్ల తెగవాడు, టేకు తెప్పలు దించడంలో ఆరితేరిన చెయ్యి. వయసులో ఉండగా ఇద్దరూ సంస్థానం వారి వెట్టి మోతకు జగదల్‌పూరు పోయారు. అక్కడ గొంచా అనే రథం పండుగలో జగన్నాథుడి ప్రసాదం ఒకరి నోట ఒకరు పెట్టుకుని 'మహాపరసాద్'లు అయ్యారు. ఆ దేశంలో అది మాటవరసకు చేసే స్నేహం కాదు. తోడబుట్టినవాళ్లు పొలం గట్టు దగ్గర విడిపోవచ్చు, మహాపరసాద్‌లు విడిపోరు. ఒకరింట్లో చావైతే రెండో ఇంట్లో పొయ్యి వెలగదు. దానికున్న గట్టి నియమం ఒక్కటే. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు నోటితో పలకకూడదు. పిలిస్తే మహాపరసాద్ అనే పిలవాలి. పేరు పలికితే బంధం తెగినట్టే. ఇరవై ఏళ్లుగా ఉప్పలయ్య ఆ పేరు పలకలేదు. "హడ్మా ఏడి?" అని ఎవరైనా అడిగితే కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడి వేలితో చూపించేవాడు.

వాళ్లిద్దరికీ తగువు పెట్టింది నిప్పుకుండ. శబరి మీద చలికాలం పొగమంచు ఎముకల్లోకి దిగుతుంది. అందుకని పడవవాళ్లు పాత కుండలో బూడిద పోసి, మీద కణకణలాడే నిప్పులు వేసుకుని, దాన్ని కాళ్ల మధ్య పెట్టుకుని ఏరు దాటేవారు. వేడికి వేడి, చుట్టకు చుట్ట. రాజమండ్రి నుంచి తిరిగొచ్చిన రోజు నుంచి ఉప్పలయ్య నిప్పుకుండను పడవ ఎక్కనివ్వలేదు. అందరూ గొణిగారు. అందరికంటే ఎక్కువ గొణిగింది హడ్మా, ఎందుకంటే అతనికి చలికాలమంతా దగ్గే.

"మోటారొచ్చి మనకు సలి దెచ్చింది," అనేవాడు. "మన తాతలు నిప్పు లేకుంట ఏరు దాటిన్రా మహాపరసాద్?"

"మన తాతలకు పెట్రోలు లేకుండె."

"నీకు నిప్పంటే బుగులు పట్టింది. ఆ రాజమండ్రోడు నీకు ఏదో మందు వెట్టి పంపిండు."

ఉప్పలయ్య వాదించేవాడు కాదు. రోజూ పొద్దున్నే పడవంతా గాలించి, గోనెల కింద దాచిన కుండ దొరికితే ఒడ్డు మీద దించి, అప్పుడు మోటారు తాడు అందుకునేవాడు. అతని గుండెలో ఉన్న భయం ఒక్కటే. ఈ పడవలో ఎప్పుడైనా నిప్పు అంటుకుంటే మొదట పోయేది మహాపరసాదే, ఎందుకంటే నిప్పు తెచ్చేది అతనే. ఆ మాట హడ్మా మనసుకు ఎక్కేలా చెప్పడం మాత్రం ఉప్పలయ్యకు చేతకాలేదు. చెప్పినప్పుడల్లా హడ్మా నవ్వేవాడు, నవ్వు దగ్గులోకి తిరిగేది, దగ్గుతున్న మనిషితో ఇంకేం మాట్లాడతాం?

ఇంతలో యుద్ధం ముదిరింది. పెట్రోలు చీటీ మీద దొరికేది. మోటారు నూనె అసలు దొరకడమే మానేసింది. ఆ రకం మోటారుకు పెట్రోలులోనే కొలతగా నూనె కలిపి పోయాలి. లోపలి ఇనుముకు తడి అదే. అది లేకుండా నడిపితే ఇనుము ఇనుమును కొరుక్కుని బిగుసుకుపోతుంది. ఉప్పలయ్య నూనె డబ్బాను తలకిందులు చేసి ఆఖరి చుక్క దాకా కార్చుకున్నాడు. వెంకటనారాయణకు కబురు పెడితే "ఎలాగోలా నడుపు" అని జవాబు వచ్చింది. ఎలాగోలా అనడం ఎంత సులువో చూడండి! ఆ ఒక్క మాటతో ఆయన పని అయిపోయింది, ఉప్పలయ్య పని మొదలైంది.

ఇంటికొచ్చి చూస్తే మూల నిండా నూనె. భార్య బుల్లమ్మ ఆ ఏడు ఇప్పగింజలు బాగా ఏరింది. రెండు దుంగల మధ్య నొక్కి తీసిన నూనె ఆనపకాయ బుర్రల్లో పోసి వరసగా వేలాడదీసింది. నూనె నూనే కదా అనుకున్నాడు ఉప్పలయ్య. ఒక బుర్ర దించి, కొలిచి పెట్రోలులో కలిపి, తాడు లాగాడు. మోటారు రెండుసార్లు దగ్గి, మూడోసారి ఎత్తుకుంది. దసరా ముందు రోజులు, ఎండ మాడ్చేస్తోంది.

ఆ పొగ సంగతి చెప్పాలి. అంతకుముందు ముక్కులు మూసుకునేలా వచ్చే పొగ ఒక్కసారిగా కమ్మబడింది. ఏటి పొడుగునా ఎవరో గారెలు వేస్తున్నట్టే ఉంది. చేలల్లో పని చేసుకుంటున్నవాళ్లు తలెత్తి గాలి పీల్చి, "ఎవలింట్ల పెండ్లి?" అని కేకేసి అడిగారు. కుక్కలు ఒడ్డమ్మట పడవ వెంట పరుగెత్తాయి. హడ్మా ముందు కొసన నిలబడి, "నా బతుకుల గింత ఆకలి ఎన్నడు గాలే మహాపరసాద్," అన్నాడు. ఉప్పలయ్య గర్వానికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. దసరా గడిచింది, దీపావళి గడిచింది, మోటారు ఇప్పనూనె తాగి బుద్ధిగా నడిచింది.

తర్వాత చలి వచ్చింది. ఇప్పనూనె సంగతి ఆ దేశంలో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. చలి పడితే నెయ్యిలా గడ్డ కడుతుంది. పొద్దున వంట చేయాలంటే బుర్రను పొయ్యి పక్కన పెట్టి కరిగించుకోవాలి. బుల్లమ్మ రోజూ ఆ పనే చేసేది, ఉప్పలయ్య రోజూ ఎదురుగా కూర్చుని అంబలి తాగేవాడు. అయినా ఇంట్లో నూనె వేరు, మోటారులో నూనె వేరు అన్నట్టు ఉండిపోయాడు. మనిషి తలకాయ అంతే మరి, ఒక మూల తెలిసిన సంగతి ఇంకో మూలకు చెప్పదు.

ఆ పొద్దు మంచు ఎంత దట్టంగా ఉందంటే పడవ వెనక నుంచి ముందు కొస కనపడలేదు. కూపులో వంట చేసే జోగి, పొజ్జే అనే ఇద్దరాడవాళ్లు ఉప్పు గంపలతో ఎక్కి కూర్చున్నారు. చలి కొట్టకుండా పడవ మీద తడికల గూడు వేసి, పక్కలు కూడా కిందిదాకా దించారు. హడ్మా రాత్రంతా దగ్గి, మొహం పీక్కుపోయి వచ్చాడు. ఉప్పలయ్య ఎప్పటిలాగే పడవంతా గాలించాడు. కుండ దొరకలేదు. పడవ కదిలే ముందు బుల్లమ్మ రేవుకు వచ్చి, హడ్మాకు దుప్పటి అందించి వెళ్లింది. దుప్పటి మడత కాస్త బరువుగా ఉందని ఉప్పలయ్య గమనించలేదు.

మోటారు బాగానే ఎత్తుకుంది. ఏటి నడుమకు వచ్చాక గొంతు మారింది. రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. ఉప్పలయ్య తాడు లాగాడు, మళ్లీ లాగాడు, మోచేయి పట్టేసేదాకా లాగాడు. ఉలుకూ పలుకూ లేదు.

నీళ్లు తక్కువ, పారుడు నెమ్మది. గడ వేసుకుంటే ఒడ్డు ఎంతో దూరం లేదు. ఉప్పలయ్య ఆ పని చేసి ఉంటే ఏ గొడవా లేదు. కానీ ఇన్నాళ్లూ తన తెలివితో నడిపిన మోటారు ఇద్దరాడవాళ్ల ముందు మొరాయించేసరికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఏది విప్పినా ఒడ్డు మీదే అన్న అప్పయ్య మాట పక్కన పెట్టి, అక్కడే, ఏటి నడుమనే విప్పాడు. ఇంజను పక్కన చిన్న గిన్నె ఉంటుంది. పెట్రోలు ముందు దాంట్లోకి దిగి, సూదిమొనంత బెజ్జంలోంచి లోపలికి పోతుంది. గిన్నె ఊడదీసి చూస్తే అడుగున తెల్లగా, మెత్తగా, పేరుకున్న నెయ్యిలా ఏదో ఉంది. వేలితో తీసి వాసన చూశాడు. ఇప్పనూనె.

"ఆహా," అన్నాడు ఉప్పలయ్య, తన మొహం మీద తనే ఉమ్ముకోవాలన్నట్టు.

కడగాలంటే పెట్రోలు కావాలి. డబ్బా మూత తీసి కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో గుడ్డ. ఒలికింది ఒలికి పడవ అడుగుకు జారింది. గాలి లేదు. తడికలు రెండు పక్కలా దించే ఉన్నాయి. జోగి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందది?" అని ముందు కొసన నుంచి హడ్మా గొంతు వినపడింది.

"నూనె గడ్డ గట్టింది."

"గింతేనా?" హడ్మా నవ్వాడు. "నేనింకేదో అనుకున్న. ఇప్పనూనె గడ్డ గడితే ఏం జేస్తం? జెర నిప్పు సూపిస్తం, కరుగుతది. దీనికింత గోస ఎందుకు?"

ఆ దేశంలో ఎవరైనా అనే మాటే అది. చలికాలం ప్రతి ఇంట్లో, ప్రతి పొద్దూ చేసే పనే అది. హడ్మా వంగి దుప్పటి విప్పాడు. లోపల బుల్లమ్మ పెట్టి ఇచ్చిన నిప్పుకుండ ఉంది. బూడిద పక్కకు తోసి ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. మంచులోంచి ఎర్రటి వెలుగు లేచి అతని మొహం కనపడింది.

"వద్దు మహాపరసాద్! అక్కడనే ఆగు!"

"నీ బుగులు పాడుగాను," అన్నాడు హడ్మా ప్రేమగా. కుండను రెండు చేతులా పట్టుకుని, ఊదుకుంటూ, గంపలు దాటుకుంటూ రావడం మొదలుపెట్టాడు.

"మహాపరసాద్, నీ కాలు మొక్కుత, రాకు!"

ఇరవై ఏళ్లుగా రోజుకు వంద సార్లు విన్న పిలుపు అది. బువ్వకు రమ్మన్నా మహాపరసాదే, బరువు పట్టమన్నా మహాపరసాదే, నిప్పు వద్దన్నా మహాపరసాదే. హడ్మా చెవికి అది ఏటి చప్పుడులా అలవాటైపోయింది. అతను ఆగలేదు. ఉప్పలయ్య లేవబోయాడు. లేస్తే కాళ్ల మధ్య డబ్బా ఒరుగుతుంది. చేతిలో గిన్నె వదిలితే అదీ అడుగునే పడుతుంది. పెట్రోలు వాసన ముక్కుల్లో ఘాటుగా కొడుతోంది. ఎర్రటి వెలుగు గంపలు దాటి తడికల గూటి దగ్గరికి వచ్చింది.

"హడ్మా!"

ఆ కేక ఉప్పలయ్య వేసినట్టు లేదు, అతని లోపల ఇంకెవరో వేసినట్టుంది. హడ్మా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఊదుతున్న నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఎవరో చెంప మీద కొట్టినట్టు కళ్లు పెద్దవయ్యాయి.

"హడ్మా, ఏట్ల పడెయ్యి. దాన్ని ఏట్ల పడెయ్యి, హడ్మా."

హడ్మా నిద్రలో ఉన్నవాడిలా చేతులు పక్కకు చాచి కుండ వదిలేశాడు. నీళ్లు సుయ్యిమన్నాయి. ఆవిరి లేచి మంచులో కలిసిపోయింది.

ఉప్పలయ్య ముందు డబ్బాకు మూత బిగించాడు. గిన్నెలోది ఖాళీ రేకు డబ్బాలోకి వంచి దానికీ మూత పెట్టాడు. తడికలన్నీ పైకెత్తి గాలి ఆడనిచ్చాడు. ఒలికిందంతా తడిగుడ్డతో అద్ది, ఆ గుడ్డను కూడా అదే రేకు డబ్బాలో కుక్కి మూత పెట్టాడు. అన్నీ అయ్యాక పడవ అంచు మీద కూలబడ్డాడు. ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి అతని గొంతులోంచి వచ్చింది. బతికారు. నలుగురికి నలుగురూ, ఒంటి మీద వెంట్రుక కూడా కాలకుండా బతికారు. పొగమంచు, చలి, ఆగిపోయిన మోటారు, అన్నీ ఎంతో ముద్దొచ్చాయి అతనికి.

జోగికీ పొజ్జేకీ తాము దేన్నుంచి తప్పించుకున్నారో తెలియదు. వాళ్లకు తెలిసింది వేరు.

"పేరు వెట్టి పిలిసిండు," అంది జోగి మెల్లగా.

"మహాపరసాద్‌ను," అంది పొజ్జే. ఇద్దరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. సాయంత్రానికి కూపంతా చెప్పుకునే సంగతి అదే అయ్యేట్టుంది.

హడ్మా గడ అందుకుని పడవను ఒడ్డుకు చేర్చాడు. దిగాడు. దుప్పటి మడిచి పడవలోనే పెట్టి, వెనక్కి చూడకుండా అడవి బాట పట్టాడు. అతని దగ్గు చాలా దూరం దాకా వినపడింది.

ఉప్పలయ్య ఆడవాళ్ల చేత ఇసుక మెట్ట మీద, పడవకు బాగా ఎడంగా పొయ్యి పెట్టించి నీళ్లు కాయించాడు. ఇంజనుకు గుడ్డ చుట్టి వేణ్నీళ్లు పోస్తూ కూర్చున్నాడు. ఈలోగా ఎండ కూడా పొడిచింది. గడ్డ కరిగింది, మోటారు ఎత్తుకుంది, గారెల వాసన వచ్చింది. అంత సులువైన పని అది. ఆడవాళ్లను కూపులో దింపి, తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా ఉన్న ముందు కొసను చూడలేక తల తిప్పుకున్నాడు.

ఇంట్లో జరిగిందంతా చెప్పాడు. బుల్లమ్మ వింటూ వింటూ నేల మీద కూర్చుండిపోయింది.

"కుండ నేనే ఇచ్చిన," అంది. "అన్న దగ్గుడు సూసి పానం ఆగలే. నువ్వు తిడ్తవని దుప్పట్ల సుట్టిన."

ఉప్పలయ్య కోపంతో లేచాడు. కానీ బుల్లమ్మ కళ్లలో నీళ్లతోనే అందుకుంది. "మరి నువ్వు జేసిందేంది? సలికాలం ఇప్పనూనె గడ్డ గడ్తదని నీకు ఎర్క లేదా? రోజు నీ కండ్ల ముందటనే కరిగిస్తున్న గద! నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం బోయింది?" ఉప్పలయ్య మళ్లీ కూర్చున్నాడు. ఇద్దరూ అలాగే కూర్చుని, ఎవరి తప్పు వాళ్లు నెమరేసుకున్నారు.

మర్నాడే వెంకటనారాయణకు కబురు పంపాడు, అసలు నూనె వచ్చేదాకా మోటారు నడపనని. ఆయన కోపంతో చిందులు తొక్కాడట. ఉప్పలయ్య లెక్కచేయలేదు. మోటారు విప్పి, గుడ్డ చుట్టి, ఇంటి దూలానికి వేలాడదీసి, పాత పద్ధతిలో గడ అందుకున్నాడు. ఒక్కడే. హడ్మా రేవు వైపే రాలేదు. రెండుసార్లు ఉప్పలయ్య అతని ఊరికి వెళ్లాడు. రెండుసార్లూ హడ్మా భార్య, కోసే అనే ఆమె, గుమ్మంలో అడ్డంగా నిలబడి, "ఇంట్ల లేడన్నా," అంది. ఇంటి వెనక నుంచి దగ్గు వినపడుతూనే ఉంది. మనిషి బతికి ఉన్నాడన్న సంతోషం ఒక పక్క, బతికి ఉన్న మనిషి తనకు లేకుండా పోయాడన్న బాధ ఒక పక్క. తెగిన బంధానికి ప్రాయశ్చిత్తం ఉంది, కోళ్లు, సారా పెట్టుకోవాలి. కానీ అవతలివాడు ఎదుట కూర్చుంటేనే అది చెల్లుతుంది.

చివరికి బుల్లమ్మ కొంగు బిగించింది. మూడోసారి తనే ముందు నడిచింది. ఉప్పలయ్య వెనక కోళ్లు, ఇప్పసారా, గుడ్డ చుట్టిన చిన్న సీసా పట్టుకుని వెళ్లాడు. బుల్లమ్మ గుమ్మం దగ్గర ఆగలేదు. కోసేను దాటుకుని, ఇంటి వెనకకు తిన్నగా వెళ్లి హడ్మా ఎదుట నిలబడింది.

"అన్నా, కుండ ఇచ్చింది నేను. తిడితే నన్ను తిట్టు," అంది.

హడ్మా తల పక్కకు తిప్పుకున్నాడు. ఉప్పలయ్య పెంకు ముక్క ఒకటి వెతికి దూరంగా పెట్టి, సీసాలోంచి నాలుగు చుక్కలు పోశాడు. పొడవాటి కర్ర కొసకు నిప్పంటించి మెల్లగా జరిపాడు. మంట భగ్గున ఎదురొచ్చి కర్రను అందుకుంది. కోసే కెవ్వుమంది. హడ్మా లేచి నిలబడ్డాడు. మంట ఆరిపోయాక కూడా ఆ పెంకు వైపే చూస్తూ ఉండిపోయాడు.

"నిప్పు దానికి తగలనే లేదు," అన్నాడు.

"తగలక్కర్లే. దాని వాసన సాలు."

"ఆ పొద్దు మన పడవల ఆ వాసన ఎంతుండె?"

"మోకాలి లోతు," అన్నాడు ఉప్పలయ్య. "నువ్వు దాంట్లకే నడిసొస్తున్నవ్."

హడ్మా తన కాళ్లు చూసుకున్నాడు. తర్వాత కూర్చుని పక్కన చాప మీద చెయ్యి వేసి చూపించాడు. ఉప్పలయ్య కూర్చున్నాడు. కోసే ఆకు దొప్పలు తెచ్చింది.

"గండం తప్పించినవ్. అది ఒప్పుకుంట," అన్నాడు హడ్మా ఇంకా బిగదీసుకునే. "గానీ పేరు పేరే. మూడు సార్లు పిలిసినవ్. మూడు కోళ్లు దండుగ."

"మూడు దెచ్చిన."

"మూడు సాలవు," అంది బుల్లమ్మ.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. బుల్లమ్మ నేల చూపులు చూస్తూ, చీర అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "ఆ పొద్దుకెల్లి ఈయన నిద్రల అదే పేరు కలవరిస్తుండు. రోజు. లేసి కూసోని పిలుస్తడు, నీళ్లిస్తే తాగి పంటడు, మల్ల పిలుస్తడు. ఎన్ని కోళ్లయితయో నువ్వే సూడు అన్నా."

ఉప్పలయ్యకు ఆ సంగతి తెలియదు. సిగ్గుతో తల వంచుకున్నాడు. హడ్మా దగ్గబోయి ఆపుకున్నాడు. దొప్పలో సారా పోసి, రెండు చుక్కలు నేలకు వదిలి, దొప్పను ఉప్పలయ్య నోటికి తనే అందించాడు.

"ఇగ పిలవకు మహాపరసాద్," అన్నాడు. "నేను ఇన్న."